బఠాణీల సంచి

ఫ్రీజర్‌లో ఓ బఠాణీల సంచి ఉంది.
దాని మీద మా ఆయన రాసి పెట్టాడు:
"వండకూడదు. ఇది హెల్వే మోకాలు."

ఫిబ్రవరి నుంచీ
ఎన్నిసార్లు కరిగి ఎన్నిసార్లు గడ్డకట్టిందో,
గింజలన్నీ ఒకే ముద్దయి
నా మోకాలిచిప్ప వంపు నేర్చుకున్నాయి.

ముందు కుడి పిక్క పట్టేసింది.
అది వదిలీ వదలకముందే ఎడమ మడమ.
నెలకో గది మారుతుంది ఈ నొప్పి,
అద్దె మాత్రం నా చేతే కట్టిస్తుంది.

"రెండు వారాలు పరుగు మాట ఎత్తకు" అంది డాక్టరు.
తార్తు వీధుల్లో ఉత్తరాలు పంచేదాన్ని,
నడక మానమంటే ఏం తినను?
నడిచాను.

అంతవరకూ ఏటిగట్టంటే నాకు అంకెలే:
మూడో కిలోమీటరు వంతెన,
ఐదోది పడవల షెడ్డు.
కుంటుకుంటూ పోతే
ఆ షెడ్డు తలుపు నీలమని తెలిసింది.
గడప మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన,
కాల్యో అట పేరు,
తలెత్తకుండానే అడిగాడు:
"చలికాలమంతా పలకరించకుండా ఉరికింది
నువ్వేనా?"

నేనే.

ఆదివారం పందెం. పది కిలోమీటర్లు.
పూర్తిచేస్తానో లేదో మడమకే తెలియాలి,
అది నోరు విప్పడం లేదు.

నిన్న రాత్రి మేజోడు విప్పితే
బొటనవేలి నల్లగోరు ఊడి చేతిలోకొచ్చింది.
ఆశ్చర్యం, నొప్పే లేదు.
కింద కొత్తది, ఉల్లిపొరంత పలచన,
వేలు పెట్టి తాకడానికి భయమేసింది.

మా ఆయన ఫ్రీజర్ తెరిచి
సంచి ఊపుతూ అడిగాడు:
"సోమవారం సూపులో వేసెయ్యనా?"

ఉండనీ, అన్నాను.
ఇంకొన్నాళ్ళు.