నూటపదిహేడో వంతు

బంగారుపాళెం దాటినాక, గుజ్జు ఫ్యాక్టరీ గేటుకి
మైలు దూరంలో మా ట్రాక్టరు.
చీటీ మీద నూటపదిహేడు.
ఇది మూడో రాత్రి.

తోతాపురి లోడు మీద గోనెపట్ట పరుచుకుని
నేను రాజ్యాలు ఏలతా వుండాను.
అరచేతి కంటే రవ్వంత పెద్దది ఈ ఆటల మిషను.
బెంగుళూరులో మొబైళ్లు బాగుచేసే హేమాద్రి
పాతదని చెప్పి పదిహేనొందలకి ఇచ్చినాడు.
ఎడమ మీట అంటుకుపోతాది.
మామిడి సొన. ఎంత తుడిచినా పోదు.
అందుకే నా సైన్యం ఎప్పుడూ
పడమరకి ఒక అడుగు ఎక్కువ నడుస్తాది.

అక్కడ నలభై ఏండ్లు గడిచినాయి.
గాదెల్లో ఒక్క గింజ పుచ్చలేదు.
ఇక్కడ నా వీపు కింద
కాయ మెత్తబడే వాసన.
చుక్క చుక్కగా రసం టైరు మీద పడతా వుండాది.

"ఏందిరా, నిద్దర లేదా?"
దొరసామి మామ చక్రం మీద కాలుపెట్టి ఎక్కినాడు.
బీడీ ఆర్పకుండానే తెరలోకి తొంగి చూసినాడు.
నాది నీలం మామా, వాడిది ఎరుపు.
వాడికి ఏనుగులు, నాకు బల్లేలు.
ఒకసారి నేను కదపాల, ఒకసారి వాడు.
"వంతుల ఆటా!" అన్నాడు.
"మరి ఈ ఫ్యాక్టరీవోడి వంతు
ఎప్పుటికి అయిపోతాదో అడుగు దాన్ని."

అంతలో ఏనుగు నా మూడు ఊర్లు తొక్కేసింది.

మామ అడ్డచెక్క లాగి, బొగ్గుతో గీసినాడు.
కొండ లాంటి ముక్కోణం, అడ్డం గీతలు.
పులులకి మూడు నట్లు.
మేకలకి మామిడి తొడిమలు, లెక్కబెట్టి పదిహేను.
"మేక చంపలేదు అబ్బోడా.
పక్క పక్కన నిలబడతాది,
దూకేదానికి సందు లేకుండా.
అంతే."

దాడి మాన్పించినాను.
ఏటి రేవులో, కనమలో, బల్లేలోళ్లని వరస నిలిపినాను.
ఏనుగు యాడిదాడ ఆగిపోయింది.
మామ తుపుక్కున ఊసినాడు, అదే మెప్పు.

తెల్లారక ముందే గేటు కాడ నించి కబురు.
కిలోకి ఇంకో రూపాయి తగ్గించినారంట.
ఎవురూ అరవలేదు.
అందరికంటే ముందుండే సుగుణక్క
బండి స్టార్టు చేసి, తిప్పి,
గేటుకి అడ్డంగా పెట్టి తాళంచెవి కొంగున కట్టుకుంది.
దాని పక్కన ఇంకోటి.
దాని పక్కన ఇంకోటి.

మామ స్టీరింగు కాడికి దూకినాడు.
నాకు బ్యాటరీ రెండు శాతం.
సేవ్ చేద్దామంటే మీట అంటుకుపోయింది,
తెర నల్లబడింది. పోనీ.
ట్రాలీ కుదుపుకి తొడిమలన్నీ
కాయల్లో కలిసిపోయినాయి.
నట్లు రెండు దొరికినాయి.
మూడోదాన్ని ఇంకా వెతకతా వుండాను.