పెన్సిల్ అంకెలు

నాకు అధికారం ఏమీ లేదు.
శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో మందుల షాపు,
షాపులో గళ్ల నోటుబుక్కు.
ఏ కొండ మీది రిపీటర్ ఏ అంకె మీద వింటుందో,
ఏ అంకె మీద పలుకుతుందో రాసుకుంటాను.
పెన్సిల్‌తోనే.
మనుషులు వచ్చి చెరిపించుకుంటారు.

నెల్లిమర్ల పక్క గుట్ట మీద అసిరినాయుడిది,
మిల్లు లాకౌటైన ఏడాది కట్టుకున్నాడు.
పలాస వైపు కొండ మీద దుంపల నీరజది,
పగలు జీడిపప్పు గ్రేడింగు, రాత్రి సోల్డరింగు.
ఇద్దరిదీ ఒకటే జంట.
నూట నలభై అయిదు పాయింట్ సున్నా రెండు అయిదు: చెవి.
దానికి ఆరువందల కిలోహెర్ట్జ్ పైన: నోరు.
ఆ ఎడం లేకపోతే
తన గొంతే తన చెవిలో పడి పెట్టె చెవిటిదవుతుంది.
మా బావమరిది గుర్తొచ్చాడు, సరే.

మామూలు రోజుల్లో ఇద్దరి మధ్య దూరమే పెద్దమనిషి.
ఫాల్గుణంలో సముద్రం మీద గాలి
పొరలు పొరలుగా పడుకున్న రాత్రి
ఆ పెద్దమనిషి సెలవు పెడతాడు.
రెండు కొండలూ నా కౌంటర్ మీద ఒకేసారి నోరు తెరుస్తాయి.
మాట ఉండదు, ఈల.
నవ్వుకునేవాళ్లం.

తుఫాను రాత్రి నవ్వలేదు.
కళింగపట్నం నుంచి ఒక పిల్లాడు,
కొత్త లైసెన్సు, ఇంకా విరుగుతున్న గొంతు,
"షెల్టర్లో నూట" అన్నాడు.
రెండు కొండలూ లేచాయి.
"మంది, అందులో పసోళ్లు"
ఈల.
మళ్లీ సెప్పు బాబూ అన్నాను.
ఈల.
పాల ప్యాకెట్లు రెండొందలని రాసి పంపాను.
పుస్తకంలో నూట పక్కన ఖాళీ.

నీళ్లు తీశాక
నాగావళి పాత వంతెన దగ్గర టీకొట్లో కూర్చున్నాం.
ముందు ఎవరిది?
అసిరినాయుడు ఇరవై రెండేళ్ల నాటి రసీదు తీశాడు.
నీరజ తన కొండ ఎత్తు చెప్పింది.
నేను టోన్ సంగతి ఎత్తాను:
ఎనభై ఎనిమిదిన్నర ఆయనకి, నూట ఇరవై మూడు నీకు,
ఎవరి తట్టుకి వాళ్ల తలుపే తెరుచుకుంటాది.
"తలుపు సరే గురువుగారూ,
ఈదిలో ఇద్దరం అరిస్తే నడిమిన నిలుసున్నోడికి ఏటినపడతాది?"
ఆ నడిమిన నిలుసున్నోణ్ణి నేనే.
ఖాళీ ఉన్న పేజీ తీసి బల్ల మీద పెట్టాను.
టీ గ్లాసు అడుగు తడి దాని మీద గుండ్రంగా దిగింది.

పదిహేను రోజులకి ఫోన్:
"నానే జరిగాను. యాభై పైకి."
గొడుగు కింద, గుట్ట మీద,
ఆరు ఇత్తడి డబ్బాలు, ఒక్కోదానికీ పావు మరతిప్పు,
మీటరు ముల్లు పడుకునేదాకా.
రసీదు ఏం చేశావని అడగలేదు.
చెరిపి, రబ్బరు పొట్టు ఊదేశాను.
కాగితం ఏటవాలుగా పట్టుకుంటే
పాత అంకె గాడి ఇంకా కనబడుతుంది.

నిన్న సాయంత్రం ఆ పిల్లాడు దొరికాడు,
గాజులా ఉంది గొంతు.
ఆ రాత్రి ఎంతమందిరా?
"నూట డెబ్భై ఒకటి." తడుముకోలేదు.
పాలు సరిపోయాయా అని అడగాలి.
వాడి వెనక రిపీటర్ తోక టక్కుమని పడింది.
ఇక నా వంతు.