కర్ణం కొలత

వెర్వియేలో వాన పడని మంగళవారం ఉండదు.
గొడుగు మడవకుండానే లోపలికొచ్చాడు,
కోటు కింద, చంకలో, ఒక అట్ట.
పుస్తకం కాదు. అట్ట మాత్రమే:
ముందుదీ వెనకదీ, మధ్యలో వెన్ను గుడ్డ.
లోపలి నలభై ఎనిమిది పేజీల్నీ
వరదొచ్చిన జులైలో, నేలమాళిగలో,
వెద్ర్ నది ఒక్క రాత్రిలో చదివేసిందట.

"దీనికి సరిపడే టాబ్లెట్ కావాలి."

బొమ్మల కథలకా, అన్నాను.
"బొమ్మలు అందరూ చూస్తారు.
నాకు అక్షరాలు కనపడాలి."

పది అంగుళాలది తీశాను.
గిన్నెకు మూత చూసినట్టు
దాని మీద అట్ట బోర్లించాడు.
టాబ్లెట్ మాయం.
పదకొండు. మాయం.
పదమూడు అంగుళాలదాని మీద
పిల్లాడికి తొడిగిన తండ్రి కోటులా
నాలుగు పక్కలా వేలాడింది అట్ట.
గాజుపెట్టె తాళం తీసి
దుకాణంలోకెల్లా ఖరీదైనది తెచ్చాను,
పద్నాలుగున్నర.
పొడుగు మిగిలింది, వెడల్పు చాల్లేదు.

"మీరు కర్ణం కొలిచి అమ్ముతారు,
ఈ మూల నుంచి ఆ మూలకి.
నేనెప్పుడూ అలా చదవలేదు, మదాం."

బ్యాటరీ ఎన్ని గంటలో, మెమరీ ఎంతో
నిద్రలో లేపినా చెప్పగలను.
ఆ మధ్యాహ్నం అవేవీ అక్కరకు రాలేదు.
వేళ్లతో సాగదీసి చూడొచ్చండీ, అన్నాను చివరికి.
"సాగదీస్తే బెలూన్ దగ్గరికొస్తుంది.
అరిచినవాడు తప్పిపోతాడు."

పేరు ఎలువా దెఫోస్.
ముప్పై ఒక్క ఏళ్లు
ఎవరో గీసిన నోళ్ల పక్కన
ఇంకెవరో రాసిన మాటలు నింపాడు.
అరుపుకు లావు పాళీ, గుసగుసకు సన్నది,
అబద్ధానికి కూడా ఒకటి ఉండేదట, చూపించలేదు.
అట్ట మీద రెండు పేర్లున్నాయి. రెండూ ఆయనవి కావు.

ప్రచురణశాల మూసేస్తూ
అసలు పేజీల్ని స్కాన్ చేసి ఇచ్చిన పెన్‌డ్రైవ్
నేలమాళిగ తాళంచెవి పక్కనే, అదే రింగుకి.

వాషింగ్ మెషిన్ల వరస చివర
ప్రకటన తిప్పే తెర ఒకటుంది.
పద్దెనిమిదిన్నర అంగుళాలు,
బంగాళాదుంపల సంచంత బరువు,
తయారీ ఆపేసి ఆరేళ్లు.
మేనేజరు భోజనానికెళ్లాడు.
తెరలో సగం తిరిగిన బట్టల్ని అక్కడే ఆపి
నిలువుగా తిప్పి నిలబెట్టాను.

అట్ట ఆనించాడు.
పట్టింది.
పైన బెత్తెడు మిగిలింది, పక్కన గోరంత.

మెషిన్ మూత మీద మోచేతులాన్చి
నిలబడే చదివాడు.
పెదాలు కదల్లేదు, చూపుడువేలు మాత్రం
గాజుకు తగలకుండా
అక్షరాల మీదుగా మళ్లీ రాస్తోంది.
మూడో పేజీలో ఆగింది.

ఒక బెలూన్‌లో తెల్లరంగు పూసిన మచ్చ.
అచ్చులో కనపడనిది ఇక్కడ కనపడుతోంది.
దాని కింద, బూడిదనీడలా, ఇంకో మాట.

నవ్వాడు. ఏమిటది, అన్నాను.
"ముందు రాసింది. మంచి మాట."
"మరెందుకు కొట్టేశారు?"
"బెలూన్‌లో పట్టలేదు."

ఆ మాట చెప్పలేదు. నేను వంగి చూసేలోపు
పేజీ తిప్పేశాడు.

ఇది అమ్మకానికి లేదండీ, అన్నాను.
తెలుసన్నాడు. ఉన్నా ఎత్తలేను, అని
వణికే మణికట్టు చూపించాడు,
టైమెంతయిందో చూపించినట్టు.

వెళ్తూ వెళ్తూ
అట్ట లోపలివైపు, నీటిచార పైన,
నా బాల్‌పెన్నుతో ఫోన్ నంబర్ రాశాడు.
చేయి వణికింది. అంకెలు వణకలేదు.
"పెద్దదేదైనా వస్తే, మూత పెట్టి చూడండి."

కౌంటర్ కింద ఉంది.
ఇంకా నది వాసన.
ఆ నంబర్ కంప్యూటర్లో ఎక్కించలేదు.
కొత్త పెట్టె దిగినప్పుడల్లా
సీలు తీసి, ఎవరూ చూడకుండా, బోర్లించి చూస్తాను.

నిన్న ఒకటొచ్చింది.
వేలెడు తక్కువ.