అడుగు మేర

దేవరకొండ బస్టాండు ఎన్క
గడియారాలు బాగుజేసే మొయిన్ భాయ్
నా తాళాల గుత్తికి ఏలాడే చిన్న లైటును
గోటితోనే విప్పిండు.
బొటనేలంత గూడ లేదది.
రెండు గుండీ సెల్లు, బియ్యపుగింజంత బల్బు.
"శాన ఎక్కువ ఎలుగుతుంది సాబ్,
అందుకే వారానికో సెల్లు తింటుంది" అని
రంగు పట్టెలున్న పూసొకటి దాని కడుపుల వెట్టి
టంకం వోసిండు. పొగ లేసింది.
"అడ్డం గట్టిన. ఇగ నెమ్మదిగ తాగుతది."

పది రూపాయలు.
ఒత్తి సూసిన.
మొన్నటిదాక ఎదురుగోడ క్యాలెండర్ల తిథి గూడ సదివేటోణ్ణి,
ఇప్పుడు నా అరచేతి గీతలే అందుతున్నయి.
మోసపోయిన్నా అనుకున్న.

నాది నైట్ హాల్ట్ డ్యూటీ.
పోలుగుట్ట తండాకు ఆఖరి బస్సు.
లోపల ఆరు బల్బులల్ల రెండే ఎలుగుతయి,
గుంతొస్తె అవి గూడ కండ్లు మూస్తయి.
చిరిగిన ఇర్వై నోటును మడత విప్పి సూసెతందుకు,
సీటు కింద దొర్లిన రెండ్రూపాయల బిళ్ల దేవులాడెతందుకు
గీ చిన్నదే దిక్కు.
సన్న ఎలుగుల లెక్కబెడితే
తల్లి ఒళ్లె పండ్కున్న పోరడు లేవడని
నెల దినాలకు తెలిసింది.

చిత్త వాన పడ్డ రాత్రి
మల్లేపల్లి దాటినంక డైనమో పోయింది.
ముందలి లైట్లు పచ్చగై, ఎర్రగై,
పొయ్యిల నిప్పు లెక్క ఆరినయి.
"ఇంజను ఆపితె మల్ల లేవదన్నా" అన్నడు డ్రైవర్ లచ్చిరాం.
ఇంకా నాలుగు కిలోమీటర్లు.
లోపల సీతాఫలం గంపలు,
సూది ఏయించుకొచ్చిన పసిగుడ్డు,
తాగి సోయి లేని మేస్త్రి.

ఓ పిలగాడు దూకిండు, కొత్త ఫోనుతోని.
దాని టార్చి గుట్ట మీది రాళ్ల దాక కొట్టింది.
"నా ఎన్క రాండ్రి" అన్నడు మొగోని లెక్క.
మోదుగుల మలుపు కాడ
ఒక్క శాతమని జెప్పి చచ్చింది ఫోను.
వాడు సప్పుడు జేయకుంట బస్సెక్కి
గంపల నడుమ కూసున్నడు.

నేను దిగిన. చెప్పులిడిసిన.
"లైటు నా దిక్కు తిప్పి పట్టు, నడువు.
నిన్ను గాదు, చుక్కను సూస్త" అన్నడు లచ్చిరాం.
గట్ల, ఎలుగంతా ఎన్కకే.
నా ముందర నాకేం లేదు.
తారు కాలికి గరుకు, మట్టి మెత్తన,
గంతే నాకు దొరికిన తొవ్వ.
ఏలు తీస్తె ఆరుతదని
ఒత్తి ఒత్తి బొటనేలు తిమ్మిరెక్కింది.
ఎన్క బస్సు, ఈనెతందుకున్న బర్రె తీరుగ
మూల్గుకుంట మూల్గుకుంట వస్తున్నది.

కుడిపక్క కంచెల ఏదో నాతోనే నడిచింది.
నేను ఆగితె ఆగింది.
నేను దగ్గితె ఊపిరి బట్టింది.
లైటు అటు తిప్పితే బస్సు గుడ్డిదైతది.
తిప్పలే.

తండా కుక్కలు మొరిగినంక
లచ్చిరాం దిగి నా చేతుల లైటు సూసి నవ్విండు.
"ఇంకింత ఎలుగుంటె నా కండ్లు చెదిరేటియన్నా,
నిన్ను తొక్కుదును."
పసిగుడ్డు తల్లి ఓ సీతాఫలం చేతుల వెట్టింది.
పండలే అది. మూడొద్దులు బియ్యంల వెట్టిన.

మల్ల సోమారం
"అడ్డం దీసేయన్నా సాబ్?" అని మొయిన్ భాయ్ అడిగిండు.
వద్దన్న.
అదే సెల్లు, ఇంకా నడుస్తనే ఉన్నది.

కాని ఒక్కటి.
తండాల బస్సు ఆగినంక
ఎన్క సీట్ల పండుకొని, నిద్రవట్టక,
కిటికీల కెళ్లి కంచె దిక్కు ఒత్తి పడత.
అడుగు మేరనే పోతది ఎలుగు.
ఒక గడ్డిపోస, దాని మీద ఒక తడి.
ఆ అవతల
అది నిలబడే ఉంటది.