రివర్సు పాట

కొడికొండ చెక్‌పోస్టు కాడ వాళ్ల వ్యాను నిలబడిపోయిందని
పొద్దున్నే ఫోనొచ్చె.
నాది చీనీకాయల బండి.
రాత్రి లోడు దించి కడిగినా
పులుపు వాసన పోలే.
అందులోనే ఎక్కించిరి
మనిషెత్తు పెట్టెలు మూడు,
కింద దుప్పట్లు పరిచి,
పెద్దాసుపత్రికి పోయే పేషెంటును పండబెట్టినట్ల.

"గుంతల్లో మెల్లగా పోన్నా" అనె
పక్కన కూసున్న షెర్లీ, బెంగళూరు తెలుగులో.
ఇన్నేండ్లలో
సరుక్కు నొప్పి పుడ్తాదని నాతో చెప్పింది
ఈ పిల్లే మొదలు.
పెనుకొండ దాటినాక అడిగితి,
లోపల ఏముందమ్మా అని.
"గొంతు" అనె.
కాసేపాగి, "ముసలాయన గొంతు."

సాయంత్రం కాలేజీ హాల్లో
బాడుగ డబ్బుల కోసం ఆఖరి వరసలో కూసుంటి.
ఇచ్చే ఆయప్ప స్టేజీ మీదుండాడు,
చేతిలో సన్నకట్టె.
కండక్టరంట.
టికెట్టు కొట్టడు, రైట్ రైటనడు,
మనకు వీపు చూపించి నిలబడినాడు.
యాభైమంది ఆ కట్టె కొసనే చూస్తాండారు,
రైలుగేటు ఎప్పుడు లేస్తాదా అని
మనం చూసినట్ల.

హాలు సగమే నిండింది.
ఫ్యాన్లు ఆపించిరి,
ఆ చప్పుడు కూడా వీళ్లకు అడ్డమంట.
మే నెల. అనంతపురం.
వాచ్‌మన్ ఓబుళప్ప నా పక్కన
టోపీతో విసురుకుంటా గొణుగుతాండె.

మొదటి రెండూ నాకు తెలీలేదు, అబద్ధమెందుకు.
ఒకటి ఏదో వాచీ అడ్వటైజుమెంటులో వస్తాండెనని
ఓబుళప్పే చెప్పె.
ఇంకోటి ఎవరో డాక్టరింట్లో కాలింగు బెల్లంట.

మూడోది మొదలాయ.
ఒకే ఒక్క వయొలిన్.
రెండే స్వరాలు, పక్కపక్కన,
పోదామా వద్దా
పోదామా వద్దా అన్నట్ల.

నా ఎడమచెయ్యి దానంతటదే
గేరు కోసం తడుముకునె.
కాలు బ్రేకు మీదికి పోయె.
మెడ తిరిగె.
"ఎనక ఎవరూ లేరు కదప్పా" అనె ఓబుళప్ప.

ఇది నా బండి!
నా బండి రివర్సు పాట!

యార్డులో తెల్లారకముందు,
గోడకు బెత్తెడు దూరంలో,
"రానీ రానీ రానీ, ఆపూ" అనే కేకల నడుమ
లచ్చసార్లు విన్న పాట.
మా సందులో కుక్కలను లేపే పాట.
దీన్ని విని సాలమ్మ
చారు పొయ్యి మీదికి ఎక్కిస్తాది.

యాభైమందీ అందుకునిరి.
చీనీ మార్కెట్టు యార్డు యార్డే
స్టేజీ మీదికొచ్చి నిలబడె.

ఇప్పుడు ఆగుతాదని చూస్తాండా.
ఎప్పుడూ ఈడనే ఆగుతాది,
మల్లా మొదటికొస్తాది,
గేరు మారిస్తే నడిమధ్య తెగిపోతాది.

ఆగలే.
ముందుకు పోయె.

పద్నాలుగేండ్లు ఎనక్కి పోతా పోతానే విన్నా,
దీనికి ముందరకూ ఒక దోవుందని
నాకెవరు చెప్పినారు?
ఆడ ఒక మలుపు. మలుపు తిరిగితే
ఎండ కాసే చోటొకటి, కొంచేపే.
ఆ తర్వాత అడుగున
ముసలి గొంతులు మూడూ
ఒకే మాటను పట్టుకోని వదలకుండె,
ఇంట్లో పెద్దోళ్లు అలిగి కూసున్నట్ల.
నేను మోసుకొచ్చిన గొంతులే.
నా చీనీ వాసన పూసుకున్నవే.

చప్పట్లు కొట్టాల్నని అందరూ లేసినాక గుర్తొచ్చె.

రాత్రి పదిన్నరకు
బండిని గుమ్మం కాడికి ఎనక్కి తీస్తి.
మోగె. డబ్బా గొంతుతో, బొంగురుగా,
సిగ్గనిపించె మొదటిసారి.
మెట్ల మీద పిల్లోళ్లు పడీపడీ నవ్విరి.
గేరు తీస్తే తెగె.
తెగిన కాణ్ణించి
షెర్లీ నోటితో అందుకునె,
పెట్టె ఒక కొస ఎత్తుతా.
రెండో కొస నేను పట్టుకుంటి.
అది ఎంతదూరం పోతాదో వినాలని
మెట్లు మెల్లగా దిగితి.

బాడుగలో రెండొందలు తక్కువిచ్చినారని
పొద్దున లెక్కపెట్టినాక గానీ తెలీలే.