మూడో వారం

మార్సబిట్ కొండ మీద మా ఆఫీసు.
రేకుల కప్పు, రెండు గదులు,
కంచెలో ఒక వర్షమాపకం.
పొద్దున తొమ్మిదింటికి దాని మూత తీసి చూడడం
పదకొండేళ్లుగా నా ఉద్యోగం.
చాలా రోజులు అందులో ఉండేది
ఒక చచ్చిన చిమ్మట, చిటికెడు ఎర్రమట్టి.

సున్నా వెయ్యి అదానో,
ఖాళీగా వదలకు.
సున్నా అంటే వాన రాలేదని,
ఖాళీ అంటే మనం రాలేదని.

రేపటి సంగతి చెప్పగలను.
పదో రోజు దాకా తడబడుతూ చెప్పగలను.
మూడు నెలల మొత్తం అడిగితే
సముద్రం ఒంటి వేడి చూసి
ఏదో ఒక పక్కకి మొగ్గగలను.
ఆ రెంటి మధ్యన ఉంది మూడో వారం.
అక్కడికి వెళ్లేసరికి
ఇవాళ్టి గాలి తన జ్ఞాపకాన్ని పారేసుకుంటుంది,
సముద్రం మాట ఇంకా అంది ఉండదు.

మేకలు అమ్మాలా, చల్బీ ఎడారి దాటించాలా
అన్నది మాత్రం
ఎప్పుడూ మూడో వారంలోనే తేలాలి.

మైకోనా నుంచి ఉప్పు లారీ ఎక్కి వచ్చింది దార్మి.
నూటికి నలభై పాళ్లు ఎక్కువ వాన, అన్నాను.
ముప్పై అయిదు మామూలు, ఇరవై అయిదు తక్కువ.
ఆమె వేళ్లు మడిచి, విప్పి,
"నాకున్నది ఒక్క మంద కదా,
నూరు మందలుంటే నీ లెక్క బాగుండేది" అంది.

ఆ ఏడు మొత్తం సరిగ్గా సరిపోయింది.
నైరోబీ నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది.
వచ్చిన వానంతా నాలుగు రోజుల్లోనే వచ్చింది.
ఎముకల గూళ్లయిన మేకలు చలికి ముడుచుకుని పోయాయి,
పంతొమ్మిది పిల్లల్ని వాగు తీసుకుపోయింది.
ఉత్తరం చదివి వినిపించాను, ఎందుకు వినిపించానో.
"మొత్తాన్ని ఎవరు తాగుతారు?" అంది దార్మి.

ముసలి కటెలో మేక పేగులు పరిచి వాన చెబుతాడు.
ఒకసారి పక్కన కూర్చుని అడిగాను, ఎంత దూరం కనిపిస్తుందని.
నవ్వలేదు. నరం మీద వేలు ఆనించి
"ఈ మేక మేసిన చోటు దాకా" అన్నాడు.
నా కంప్యూటర్ ఎప్పుడూ
అంత నిజాయితీగా మాట్లాడలేదు.

మొన్న నైరోబీ హోటల్లో, చల్లటి గదిలో, ఒక కాగితం ఇచ్చారు:
మీ పరిశోధన అవసరాలు రాయండి.
కింద అయిదు గీతలు.

మైకోనాకీ నార్త్ హోర్‌కీ మధ్య
వానను కొలిచే గిన్నె ఒక్కటీ లేదని రాశాను.
స్టోరురూములో తాతల నాటి రిజిస్టర్లున్నాయి,
చెదలు మాకంటే శ్రద్ధగా చదువుతున్నాయి,
వాటిని ఎవరైనా ఎక్కించాలి.
నలభై యాభై రోజులకోసారి
హిందూ మహాసముద్రం మీద లేచే మబ్బుల మంద ఒకటుంది,
తూర్పుకు నడుస్తుంది,
సుమత్రా, జావా దీవుల దగ్గర
మన యంత్రాలు దాన్ని తప్పిపోనిస్తాయి.
మందను పోగొట్టుకున్న కాపరి
మా ఊళ్లో అయితే రాత్రి ఇంటికి రాడు,
వెతుకుతాడు.
మీరూ వెతకండి, అని రాశాను.
ఇంకా, వాన ఎంతో కాదు,
ఏ రోజున మొదలై ఎన్నాళ్లు ఆగి మళ్లీ పడుతుందో కావాలి.
తెలియనప్పుడు తెలియదనే యంత్రం కావాలి.
నలభై పాళ్లు అన్నదానికి మా భాషలో ఒక మాట కావాలి,
దాన్ని దార్మిని అడిగి కనుక్కోవాలి.

గీతలు చాల్లేదు. వెనక్కి తిప్పి రాశాను.
వెనక వైపు ఎవరైనా చదువుతారో లేదో.

ఇవాళ తొమ్మిదింటికి ఫోను.
గాలిలో దార్మి గొంతు తెగి తెగి వస్తోంది.
పాలపొడి డబ్బా ఒకటి
గుడిసె బయట రాళ్ల మధ్య పాతిందట.
"రాత్రి రెండు వేళ్లు" అంది.
ఎవరి వేళ్లు అని అడిగేలోగా లైను పోయింది.

రిజిస్టరులో వేళ్లకు గడి లేదు.
అదానో నా వైపు చూశాడు.
స్కేలు తెమ్మన్నాను,
అంచున కాస్త జాగా ఉంది,
ఒక గీత గీశాం.