ఐదు సొరబుర్రలు

ఏడో నెల. మా దక్షిణాన ఇది నడి చలికాలం.
నది మీంచి వచ్చే గాలి
మోంటెవిడియో బస్సు డిపో రేకుల కింద దూరి
ఇనప పానాలను కూడా వణికిస్తోంది.

నా పేరు నీబియా.
బ్రేకులు నా పని.
మాతే కాచి పోయడం నా పని కాదు గానీ
పంతొమ్మిదేళ్లుగా నేనే పోస్తున్నాను.

ఒక సొరబుర్ర, ఒక వెండి గొట్టం, ఐదు నోళ్లు.
మొదటి గుక్క చేదు, అది పోసినవాళ్లే తాగాలి.
నా నాలుక అందుకే ఇంత కటువని హెబెర్ అంటాడు.
తర్వాత హెబెర్, ఇల్దా, వాల్దెమార్,
చివర్న కుర్రాడు ఎడిసన్.
వాడికి జలుబు చేస్తే అందరం తుమ్మేవాళ్లం.
పంచుకుంటే సగమవుతుందిలే అని నవ్వుకునేవాళ్లం.
ఎంగిలి అన్న మాట
మా మధ్య ఎన్నడూ పీట వేసుకు కూర్చోలేదు.

గోడకి కాగితం అంటించారు.
రెండు మీటర్ల దూరం. సబ్బు. ఇరవై దాకా లెక్కపెట్టండి.
ఇరవయ్యా!
మా చేతుల గ్రీజు వదలాలంటే రెండొందలు కావాలి.
కాగితం అడుగున, చిన్న అక్షరాల్లో:
మాతే ఎవరిది వారే.

మర్నాడు ఐదు సంచుల్లోంచి
ఐదు బుర్రలు బయటికొచ్చాయి,
బడిలో మొదటిరోజు కొత్త పలకల్లా, బెరుగ్గా.
వాల్దెమార్ నీళ్లు తెర్లబెట్టి ఆకు మాడ్చేశాడు.
పంతొమ్మిదేళ్లు తాగాడు, ఒక్కసారీ కాయలేదు.
"మరగనివ్వకు! కూత పెట్టబోయే ముందే దించెయ్!"
రెండు మీటర్ల అవతల నుంచి అరిచాను.
నా అరుపు మాస్కులోనే తిరిగి
నా కళ్లద్దాల మీద పొగమంచైంది.

బ్రేకు అరిగితే చెవికి తెలుస్తుంది.
ఇది చప్పుడు చెయ్యదు.
ఏ కడ్డీ పట్టుకుంది, ఏ దగ్గులో ఎక్కింది,
ఏ స్టాపులో దిగింది,
టికెట్టు కొట్టని ప్రయాణికురాలు.

బస్సు కిటికీలు మేం తెరుస్తాం, జనం మూస్తారు.
చలి మరి, వాళ్లని మాత్రం ఏమంటాం.
ఇల్దా పాత బల్ల ఒకటి కోసి చీలలు చెక్కింది,
ప్రతి కిటికీ సందులో ఒకటి దిగ్గొట్టింది.
నూట నలభై బస్సులు, నాలుగు వేళ్ల సందు.
"ఇంత సందులోంచి ఏం పోతుందమ్మా?"
కోటు బొత్తాలు బిగిస్తూ గద్దించాడు ఒక పెద్దాయన.
"మీరు వదిలిన ఊపిరి, తాతా," అంది ఇల్దా.
ఆయన కాసేపు ఆ సందు వైపే చూశాడు,
తన ఊపిరి వెళ్లిపోవడం కనబడుతుందేమోనని.

ఇన్ని చేసినా
హెబెర్‌కి వచ్చింది.

స్టీరింగు వల్లనా? చిల్లర వల్లనా?
అగ్గిపుల్ల ఒకటే ఉన్న రాత్రి
సిగరెట్టు కోసం వాల్దెమార్ ముఖం దగ్గరికి వంగాడే, అప్పుడా?
మూడు రోజులు వెనక్కి నడిచి వెతికాం.
చివరికి అతని భార్య చెప్పింది.
మనవరాలి కేకు మీద ఎనిమిది కొవ్వొత్తులు,
పిల్ల బుగ్గలు చాల్లేదని
అందరూ కలిసి ఊదారట.
దాన్ని ఎవరు మాత్రం వద్దంటారు?

ఇక్కడ ఒక మర్యాద ఉంది.
బుర్ర తిరిగిస్తూ "ధన్యవాదాలు" అన్నారంటే
చాలు, ఇక నాకు పొయ్యకు అని అర్థం.
అననంతసేపూ
వంతు మళ్లీ వస్తూనే ఉంటుంది.

నిన్న సాయంత్రం నర్సు అతని చెవి దగ్గర ఫోను పెట్టింది.
అతని వెనక ఏదో సీసాలో గాలి బుడగలు,
కూతకి ముందు నీళ్లు చేసే చప్పుడే.
అరవై రెండో నంబరు బస్సు గురించి చెప్పాను,
ఎడిసన్ మీసం గురించి చెప్పాను.
"మాతే ఎవరు పోస్తున్నారు?" అన్నాడు, మాటకో ఆగుడుతో.
"ఎవరికి వారే."
"ఛీ," అన్నాడు.
తర్వాత బుడగలే.
తర్వాత నర్సు గొంతు, ఇక చాలండీ అని.

నేను చెవికి ఫోను అదిమి
చివరిదాకా విన్నాను.
ధన్యవాదాలు అనలేదు.

కుళాయి దగ్గరికెళ్లి సబ్బు తీసుకున్నాను.
పదమూడు దగ్గర లెక్క తప్పింది.
మళ్లీ ఒకటి నుంచి.